మొదటి ఎలక్ట్రిక్ గిటార్: పేరు తర్వాత, ముందు మెట్లు చూడండి

మొన్న ఆదివారం చికాగో దగ్గర అరోరా బాలాజీ గుడి క్యాంటీన్‌లో పులిహోర కోసం నిలబడితే వెనకాల ఉన్న కుర్రాడు మాట కలిపాడు. ఇండియా నుంచి వచ్చి ఎనిమిది నెలలైందట. "అన్నా, ఎలక్ట్రిక్ గిటార్ కొందామనుకుంటున్నా. ఐదు వందల డాలర్లలో మంచిది ఏదైనా చెప్పండి. ముందు అకౌస్టిక్ మీదే నేర్చుకోవాలని మావాళ్ళు అంటున్నారు, నిజమేనా?" అన్నాడు. క్యూ తొందరగా కదిలింది, సగమే చెప్పగలిగాను. అదే సందేహం ఉన్న మిగతావాళ్ళకి కూడా పనికొస్తుందని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

అకౌస్టిక్‌తోనే మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. మీకు వాయించాలని ఉన్నది ఎలక్ట్రిక్ అయితే దాంతోనే మొదలుపెట్టండి. అకౌస్టిక్‌కి మామూలుగా వేసే తీగల్లో అన్నిటికన్నా సన్నది 12 నంబరు. ఎలక్ట్రిక్‌కి 9 లేదా 10. ఆ నంబరు అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. చూడ్డానికి చిన్న తేడానే, కానీ మొదటి నెలలో వేళ్ళ కొసలకి బాగా తెలుస్తుంది. పైగా ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు చాలావరకు చెక్క చట్రానికి కొట్టిన డ్రైవాల్. పక్కింటాయన తుమ్మినా వినిపిస్తుంది. రాత్రి పదింటికి ఆఫ్‌షోర్ కాల్ ముగించి అకౌస్టిక్ తీశారంటే లీజింగ్ ఆఫీసు నుంచి కంప్లయింట్ ఖాయం. ఎలక్ట్రిక్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే రూమ్మేట్‌కి కూడా తీగల చిన్న చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఇక గిటార్. నేను కొన్న మొదటిది ఒక పెద్ద స్టోర్‌లో అమ్మే ప్యాకేజీ. గిటార్, దాని చప్పుడు పెంచి వినిపించే ఆంప్, బెల్టు, కేబుల్ అన్నీ ఒకే పెట్టెలో, చాలా చవగ్గా దొరికింది. శ్రుతి చేసి కూర్చుంటే పాట సగంలోకి రాకముందే దిగిపోయేది. కింద ఫ్రెట్‌ల (మెట్ల) మీద బాగానే పలికేది, పైకి వెళ్ళేకొద్దీ ఏదో తేడా. తప్పు నా చెవిదేననుకుని ఐదు నెలలు కుమిలిపోయాను. ఆ వేసవిలో విజిటర్ వీసా మీద మా అత్తగారు వచ్చారు. ఆవిడ చిన్నప్పుడు పదేళ్ళు వీణ నేర్చుకున్న మనిషి. ఒకరోజు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుని, "బాబూ, ఆ తీగ ఒక్కటీ ఎక్కడా నొక్కకుండా మీటు, ఇప్పుడు పన్నెండో మెట్టు మీద నొక్కి మీటు" అన్నారు. రెండుసార్లు విని, "నీ చెవికేం కాలేదు. మెట్టు దగ్గర స్వరం తప్పుతోంది. వీణైతే మైనం కరిగించి మెట్లు మళ్ళీ కట్టించేవాళ్ళం, దీనికేం చేస్తారో" అన్నారు.

దీనికి చేసేదాన్ని సెటప్ అంటారు. గిటార్ ఫ్రెట్‌లని కదపలేం, చెక్కలో గాడి కోసి దిగ్గొట్టి ఉంటాయి. బదులుగా తీగల కింది కొస దగ్గరుండే బ్రిడ్జి మీద ఒక్కో తీగ కూర్చునే ముక్కని ముందుకీ వెనక్కీ జరుపుతారు. నెక్ (ఫ్రెట్‌లుండే పొడవాటి భాగం) లోపలున్న ఇనప కడ్డీని తిప్పి వంపు సరిచేస్తారు, తీగల ఎత్తు తగ్గిస్తారు. నేను మంచి పనివాడికి 70 డాలర్లు ఇచ్చి ఆ పని చేయించాను. శ్రుతి దిగిపోవడం మాత్రం పోలేదు, తీగలు బిగించే మరలే నాసిరకం. అందుకే ఐదు వందలుంటే గిటార్‌కి మూడు వందల చిల్లర మించొద్దంటాను. మిగిలినదాంట్లో సెటప్, హెడ్‌ఫోన్ గుచ్చే కన్ను ఉన్న చిన్న ఆంప్, కేబుల్ వచ్చేయాలి.

షాపుకి వెళ్ళినప్పుడు అమ్మేవాడు వాయించి వినిపించే సోలోకి పడిపోకండి, అతని చేతిలో ఏదైనా పలుకుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని వెళ్ళండి. 12వ ఫ్రెట్ సరిగ్గా పైన తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటితే గంటలా మోగుతుంది. తర్వాత అక్కడే నొక్కి మీటండి. యాప్ రెండిటికీ ఒకే చోట చూపాలి. కాస్త తేడా ఉంటే సెటప్‌తో పోతుంది, బాగా ఉంటే పక్కన పెట్టేయండి. తీగలకీ అదే ఫ్రెట్‌కీ మధ్య సందు రెండు క్రెడిట్ కార్డులు కలిపి పెట్టినంత మందం ఉంటే హాయిగా ఉంటుంది. అన్ని తీగల మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి చూడండి, ఎక్కడైనా జర్రుమంటోందేమో. కేబుల్ పెట్టి కదిపితే బరబరలాడకూడదు. నెక్ అంచున అరచేతిని పై నుంచి కిందికి జార్చండి, ఏదీ గీరుకోకూడదు.

ఈ చివరిది మన చికాగోలో చలికాలంలో తేలే సంగతి. హీటర్‌కి గదిలో గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది, లోహం అలాగే ఉంటుంది, ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొస్తాయి. గిటార్‌ని హీటర్ వెంట్ పక్కన నిలబెట్టకండి. గదిలో తేమ 45 నుంచి 50 శాతం ఉంటే చాలు.

పేర్లు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. యమహా పసిఫికా 112కి నా మొదటి ఓటు. ఫెండర్ వాళ్ళ స్క్వయర్‌లో క్లాసిక్ వైబ్ వరస, గిబ్సన్ వాళ్ళ ఎపిఫోన్ కూడా నమ్మొచ్చు. చేతులు చిన్నవైతే లెస్ పాల్ తరహా ఎపిఫోన్ పట్టుకుని చూడండి, తీగ పొడవు 24.75 అంగుళాలే, ఫెండర్ తరహాలో 25.5 ఉంటుంది. వాడినదైతే ఇంకా మేలు, ఏడాదిలో అటకెక్కిన గిటార్లు ఈ దేశంలో కొల్లలు. తీగని లాగి గమకాలు పలికించాలని ఉంటే 9 నంబరు సెట్ వేయించుకోండి. ఎలక్ట్రిక్ వాద్యం మీద గమకమేంటని నవ్వేవాళ్ళకి ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించిన, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ని గుర్తుచేయండి. తీగల్ని కదలకుండా బిగించేసే ఫ్లాయిడ్ రోజ్ అనే రకం బ్రిడ్జి మాత్రం వద్దు, ఒక్క తీగ మార్చడానికే సాయంత్రం గడిచిపోతుంది.

రెండేళ్ళకి చెయ్యి తిరిగాక ఎవరైనా పార్టీలో వాయించమని డబ్బిస్తానంటే, హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళు వద్దనండి. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట సంపాదన కోసం పని చేయకూడదు. ఉగాది సంబరాల్లో ఊరికే వాయించుకోండి.

ఆంప్ కొనేటప్పుడు వెనక లేబుల్ చదవండి. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మనూళ్ళో 230. నేను ప్లగ్గు మార్చే అడాప్టర్ ఉంటే చాలనుకుని ఇక్కడి ఆంప్‌ని మా విజయవాడ ఇంట్లో పెట్టి స్విచ్ వేశాను. టప్‌మని ఒక్క చప్పుడు, కాలిన వాసన. ఛార్జింగ్‌తో నడిచే చిన్నది తీసుకెళ్ళుంటే ఆ గొడవే ఉండేది కాదు. నా ఆంప్ ఇప్పటికీ అక్కడే, కుట్టుమిషన్ పక్కన ఉంది. మా అమ్మ దాని మీద బట్టల బుట్ట పెట్టుకుంది.