కంప్యూటర్‌కి టీవీ ట్యూనర్ పెట్టుకోవడం ఇప్పుడు దండగేనా?

"చానెళ్లన్నీ యాప్‌లలోనే వస్తున్నాయి కదా, కంప్యూటర్‌కి టీవీ ట్యూనర్ తగిలించుకోవడం డబ్బు దండగ కాదా?" అని ఒకరు అడిగారు. కాదు. టీవీ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చే పరికరమే ట్యూనర్. ఎన్‌క్రిప్షన్ (తాళం) లేని చానెళ్లు మీ యాంటెన్నాకి అందుతుంటే నిశ్చింతగా కొనుక్కోండి. చూడటానికి మాత్రమే అయితే టీవీ సెట్టు చాలు. ట్యూనర్ అసలు విలువ రికార్డింగ్‌లో ఉంది.

మా అక్క కాలేజీలో చదివే రోజుల్లో ఒక టీవీ క్విజ్‌లో పాల్గొంది. అప్పట్లో మా కంప్యూటర్‌లో బీటీ878 అనే చిప్ ఉన్న అనలాగ్ ట్యూనర్ కార్డు ఉండేది. బొమ్మ కంప్యూటర్ లోపలి పీసీఐ స్లాట్ గుండా వచ్చేది, శబ్దానికి మాత్రం ఆ కార్డు నుంచి సౌండ్ కార్డు లైన్-ఇన్‌కి విడిగా ఒక వైరు. ప్రోగ్రాం మొదలవగానే అమ్మ "దాని మొహం ఒక్కటి ఫొటోలా తియ్యరా" అంది. ప్రింట్ స్క్రీన్ నొక్కి పెయింట్‌లో అతికించాను. చూస్తే ఆ బొమ్మలోనే క్విజ్ నడుస్తోంది! అక్క మాట్లాడుతోంది, యాంకర్ నవ్వుతున్నాడు, అంతా పెయింట్ లోపలే. ఆ కిటికీని కాస్త పక్కకి జరిపితే అక్క మొహం సగమే మిగిలింది, మిగతాదంతా ముదురు గులాబీ రంగు. అమ్మ అది చూసి హడలిపోయింది.

జరిగిందేమిటంటే, అప్పటి కార్డులు వీడియోని నేరుగా గ్రాఫిక్స్ కార్డు మెమరీలోకి తోసేవి. విండోస్ ఆ చోట ఒక గుర్తు రంగు మాత్రం పూసి ఉంచేది. స్క్రీన్ మీద ఆ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ గ్రాఫిక్స్ కార్డు టీవీ బొమ్మ వేసేది. నేను ఫొటో తీసింది ఆ రంగునే. ట్యూనర్ సాఫ్ట్‌వేర్ మూసేస్తే మిగిలేది గులాబీ డబ్బా ఒక్కటే.

రికార్డింగ్ మాత్రం నడుస్తూనే ఉంది. పాల్ (PAL) అనే అనలాగ్ టీవీ పద్ధతి సిగ్నల్‌ని 720×576 సైజులో, సెకనుకి 25 ఫ్రేముల చొప్పున, కుదించకుండా దాస్తే సెకనుకి దాదాపు 20 ఎంబీ అవుతుంది. కుదించే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడేది. పైగా ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల గీతలు కలిసి ఉంటాయి కాబట్టి, చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయేవి. అందుకని 288 గీతలే తీసుకునేలా పెట్టాను. అప్పుడు సగం గీతలే, అంటే ఒకే క్షణానివే వస్తాయి. దువ్వెన ఉండదు, ప్రాసెసర్‌కీ ఊపిరాడుతుంది.

తర్వాత ఎప్పుడో అక్క ఆ చానెల్ వాళ్లని కాపీ అడిగితే, ఆ టేపు మీద వేరే కార్యక్రమం రికార్డు చేసేశామన్నారు. ఇప్పుడు ఆ ఎపిసోడ్ మా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఏ యాప్ ఇస్తుంది అలాంటిది? యాప్‌లో ఉన్నది వాళ్లు ఉంచినన్నాళ్లే ఉంటుంది. హక్కులు అయిపోయాయంటారు, మర్నాడు వెతికితే ఉండదు.

పైగా డిజిటల్ ప్రసారంలో ఆ కుదించే పాట్లు లేవు. కుదించడం ప్రసారం చేసేవాళ్లే చేసి పంపిస్తారు. 188 బైట్ల ప్యాకెట్లు వరసగా వస్తుంటాయి, కంప్యూటర్ వాటిని డిస్క్‌లో రాసుకుంటుంది, అంతే. నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నాలుగు చానెళ్లు వస్తుంటే ఒక్క ట్యూనర్‌తో నాలుగూ రికార్డు చేసుకోవచ్చు. ఎంతమంది చూసినా బఫరింగ్ ఉండదు. లైవ్ మ్యాచ్‌ని యాప్‌లో చూసేవాళ్లకి పక్కింటి కేకలు ముందు, గోల్ తర్వాత.

నా కోపమంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల మీద. మైక్రోసాఫ్ట్ 2002లో టీవీ చూడటానికి, రికార్డు చేయడానికి వీలుండే ఎక్స్‌పీ మీడియా సెంటర్ తెచ్చింది. సోఫాలో కూర్చుని రిమోట్‌తో వాడుకునేలా, ఎంత ముచ్చటగా ఉండేదో. 2015లో విండోస్ 10 రాగానే దాన్ని తీసేసింది. కార్డు కంపెనీలు సరేసరి, కొత్త విండోస్ వస్తే పాత కార్డుకి డ్రైవర్ ఇవ్వవు. చిప్ బంగారంలా పనిచేస్తున్నా చెత్తబుట్టలో వెయ్యాల్సిందే. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లే వీటిని ఆదుకున్నారు. ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న చిన్న యూఎస్‌బీ టీవీ డాంగిల్ రేడియో రిసీవర్‌గా కూడా పనికొస్తుందని 2012లో బయటపడింది. విమానాలు పంపే సంకేతాలని కూడా దాంతో పట్టుకుంటున్నారు. టీవీ కోసం చేసిన వస్తువుకి ఎంత ఆయుష్షు!

ఇప్పుడు అమెరికాలో ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త ప్రసార పద్ధతిలో, గాలిలో ఉచితంగా వచ్చే చానెళ్లకి కూడా కొందరు తాళం వేస్తున్నారు. అనుమతి ఉన్న పరికరం అయితేనే బొమ్మ వస్తుంది. అందరి గాలిలోంచి పంపుతూ తాళమేమిటి? ఇది ముమ్మాటికీ అన్యాయం.

కొనేముందు మీ దగ్గర వచ్చే ప్రసార పద్ధతి డీవీబీ-టీ2నా, ఏటీఎస్‌సీనా, ఐఎస్‌డీబీ-టీనా చూసుకోండి, సాధారణంగా ఒకదాని ట్యూనర్ ఇంకొకదానికి పనికిరాదు. కంప్యూటర్ లోపల పెట్టే కార్డు వద్దు, రౌటర్‌కి తగిలించే నెట్‌వర్క్ ట్యూనర్ తీసుకోండి. దానికి విండోస్ డ్రైవర్ల గొడవ చాలావరకు ఉండదు, ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా చూడొచ్చు. రికార్డింగ్‌కి టీవీహెడ్‌ఎండ్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ముందు యాంటెన్నాని వీలైనంత ఎత్తులో పెట్టించండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఎంత ఖరీదైన ట్యూనరైనా గళ్లు గళ్లుగానే చూపిస్తుంది.