సంఘంలో (చర్చిలో) క్రైస్తవ విద్యను వృత్తిగా ఎంచుకుంటే: డిగ్రీలో ఉండగానే చేయాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సండే స్కూల్లో సాయం చేస్తుంటుంది. చదువయ్యాక సంఘంలో క్రైస్తవ విద్య బాధ్యతనే వృత్తిగా చేసుకుంటానంటోంది. ఇప్పటినుంచి ఎలా సిద్ధపడాలి?

జవాబు: జీతమిచ్చే సంఘం ఒక్క క్లాసు చెప్పడానికే మనిషిని పెట్టుకోదు. ఏ వయసుకు ఏ పాఠాలో నిర్ణయించడం, టీచర్లను వెతికి తర్ఫీదు ఇవ్వడం, యువతకు, పెద్దలకు బైబిలు తరగతులు నడపడం అన్నీ ఆమె మీదే ఉంటాయి. వాక్యం బాగా తెలిసినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. నేర్పడం వేరు, నేర్పేవాళ్లను తయారుచేయడం వేరు.

అందుకే ముందు ఒకే వయసు పిల్లలతో, అనుభవమున్న టీచరు పక్కన, ఏడాదంతా పనిచేయనివ్వండి. నాలుగు ఆదివారాలు గమనించడం, తర్వాత పది నిమిషాల కథ, ఆ పైన పూర్తి 45 నిమిషాల క్లాసు. ప్రతి పాఠానికీ ఒక పేజీ రాసుకోవాలి, పైన ఒక్కటే లక్ష్యం. రెండు లక్ష్యాలు పెట్టుకున్న పాఠంలో పిల్లలకు ఏదీ మిగలదు.

లూకా 15లోని తప్పిపోయిన కుమారుడినే తీసుకోండి. ఆరేళ్ల పిల్లలకు, ఇల్లు విడిచివెళ్లి తిరిగొచ్చిన చిన్నకొడుకును తండ్రి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకోవడం చాలు. దాన్ని వాళ్లచేత ఆడించాలి. ఆ వయసుకు ఉపమానంలోని లోపలి అర్థం అందదు, చెప్పిందాన్ని ఉన్నదున్నట్టే పట్టుకుంటారు. పదమూడేళ్లవాళ్లకైతే, తమ్ముడికి విందు చేశారని బయటే నిలబడిపోయిన పెద్దకొడుకు కోపం ముఖ్యం. "అతని మాటలో న్యాయం లేదా?" అని అడిగి, ఆగాలి. కొత్త టీచర్లు రెండు క్షణాలు కూడా ఆగలేక జవాబు తామే చెప్పేస్తారు. ఆ మౌనాన్ని ఓర్చుకోవడం సాధనతోనే వస్తుంది.

భద్రతా నియమాలు మొదటి రోజునుంచే అలవాటవ్వాలి: గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించే తలుపు, పిల్లల్ని తీసుకెళ్లేది ఎవరో రాసిపెట్టుకోవడం. తెలిసినవాళ్లే కదా అని వదిలేసినచోటే పిల్లలకు హాని జరుగుతుంది. దీనిలో మొహమాటం పనికిరాదు.

చదువు సంగతి. డిగ్రీలో విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పేపర్లు ఉంటే మంచిది. ఆ తర్వాత సెమినరీలో క్రైస్తవ విద్యలో ఎం.ఏ. సాధారణంగా రెండేళ్లు, ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు కాబోయేవాళ్లు ఎక్కువగా చదివే పట్టా) మూడేళ్లు. చేరేముందు మూడు విషయాలు అడగండి: గుర్తింపు ఉందా, మీ క్రైస్తవ శాఖ (డినామినేషన్) ఆ పట్టాను ఒప్పుకుంటుందా, పర్యవేక్షణతో క్షేత్రసేవ (సంఘంలో చేసే పని శిక్షణ) ఎన్ని గంటలు? మూడోది చాలామంది అడగరు, ఉద్యోగానికి అక్కరకొచ్చేది మాత్రం అదే.

1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి మొదలుపెట్టిన సండే స్కూళ్లలో టీచర్లకు జీతమిచ్చేవారు. ఆ తర్వాత ఈ పని ఎక్కువగా స్వచ్ఛంద సేవగా మారింది. అందుకే ఇప్పటికీ చాలాచోట్ల ఇది సగం పూట ఉద్యోగమే, లేదా యువజన పరిచర్యతో కలిపి ఇస్తారు. బి.ఎడ్. కూడా ఉంటే వారంలో మిగతా రోజులకు ఆధారం దొరుకుతుంది.

ఉద్యోగం ఒప్పుకునే ముందు బాధ్యతలు, పని గంటలు, ఆదివారానికి బదులు సెలవు రోజు, టీచర్ల శిక్షణకు కేటాయించే డబ్బు, ఎవరికి జవాబుదారీ అన్నది కాగితం మీద రాయించుకోవాలి. సేవ కదా అని అడగకుండా చేరినవాళ్లు రెండేళ్లు తిరక్కుండానే అలసిపోతారు. అప్పుడు నష్టపోయేది పిల్లలు కూడా.