క్షమించిన తరువాత కూడా కాపరి స్థానాన్ని తిరిగి ఇవ్వకుండా ఉండవచ్చునా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ సంఘ కాపరి (పాస్టరు) పాపంలో పడినట్లు తేలింది. ఆయన సంఘమంతటి ఎదుట కన్నీళ్లతో ఒప్పుకున్నారు, సంఘం క్షమించింది. ఇప్పుడు కొందరు ఆయనను మళ్లీ ప్రసంగ వేదిక ఎక్కించాలని కోరుతూ, అభ్యంతరం చెప్పేవారు నిజంగా క్షమించనట్లేనని అంటున్నారు. ఆ మాట సరైనదేనా అని మీరు అడిగారు. సరైనది కాదని నేను స్పష్టంగా చెప్పగలను. అయితే ఈ జవాబుకు నేను చాలా ఆలస్యంగా, ఒక సోదరిని మరొకసారి గాయపరచిన తరువాత వచ్చాను గనుక కొంత వివరంగా రాస్తున్నాను.

నేను పదకొండేళ్లపాటు ఒక సంఘంలో పెద్దగా ఉన్నాను. కుటుంబ సమస్యలతో ప్రార్థన సహాయం కోసం వచ్చిన ఒక సోదరితో మా కాపరి కౌన్సెలింగ్ పేరుతో హద్దు మీరి ప్రవర్తించారు. నెలల తరబడి అనుచితమైన సందేశాలు పంపారు. ఆమె దూరం జరగబోతే, ఆమె తనను నమ్మి చెప్పుకున్న రహస్యాలనే గుర్తుచేసి భయపెట్టారు. విషయం బయటపడ్డాక ఆయన మా ముందు మోకాళ్లూని ఏడ్చారు. ఆ ఏడుపు నటన అని నేను నాడూ అనుకోలేదు, నేడూ అనుకోవడం లేదు. మేము ఆయనను మూడు నెలలు పరిచర్య నుండి ఆపాము. ఆ గడువు ముగియవచ్చినప్పుడు నేనే మరొక పెద్దను వెంటబెట్టుకొని ఆ సోదరి ఇంటికి వెళ్లి, ఆయనను క్షమించారా అని అడిగాను. క్షమించానని ఆమె తల వంచుకొని చెప్పారు. మేము ఆ మాటను తరువాతి ఆదివారం సంఘానికి ప్రకటించి, అదే రోజు ఆయనను వేదిక ఎక్కించాము.

ఆ ఆదివారం తరువాత ఆమె ఆరాధనకు రాలేదు. కొన్ని వారాలకు నా భార్య వెళ్లి పలకరిస్తే, "అక్కా, నేను క్షమించిన మాట నిజమే. కానీ ఆయనను మళ్లీ కాపరిగా పెట్టమని నేను అనలేదు. వాక్యాన్ని ఇక ఆ గొంతులోనే వినాలని తెలిసి ఉంటే, అన్నయ్యవాళ్లు వచ్చి అడిగినప్పుడు నోరు తెరిచేదాన్ని కాదు" అన్నారట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె తన మీద జరిగిన అన్యాయానికి ఉన్న బాకీని రద్దు చేశారు. మేము ఆ రద్దు పత్రాన్ని తీసుకొనిపోయి, ఆయన పదవికి పూచీకత్తుగా వాడుకున్నాము. అది మాకు వాడుకునే హక్కు లేని పత్రం.

నా తప్పు ఎక్కడుందో వాక్యంలో వెతికినప్పుడు అది చాలా స్పష్టంగా కనిపించింది. సహోదరుడు మారుమనస్సు పొంది అడిగిన ప్రతిసారీ క్షమించాలని ప్రభువు చెప్పారు, దానికి లెక్క కూడా పెట్టుకోవద్దన్నారు. కానీ అధ్యక్షుని, అంటే సంఘ కాపరి గురించి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో ఉన్నది వేరే ప్రమాణం. అతడు నిందారహితుడై ఉండాలి, బోధించగలవాడై ఉండాలి, సంఘానికి వెలుపలివారి చేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలి. బోధించడం చేతకాని విశ్వాసిని మనం కాపరిగా నియమించనప్పుడు అతనిని క్షమించలేదని ఎవరూ అనరు. క్షమాపణ పొందడానికి ఆ అర్హతలు అవసరం లేదు, మందను కాయడానికి అవసరం. ఈ రెండింటినీ కలిపివేస్తే క్షమాపణ జీతంగానూ కాపరి స్థానం హక్కుగానూ మారిపోతాయి.

నన్ను అందరికంటె ఎక్కువగా ఆలోచింపజేసినవాడు యెహెజ్కేలు ప్రవక్త. ఆయన గ్రంథం 44వ అధ్యాయంలో, ఇశ్రాయేలు తప్పిపోయినప్పుడు విగ్రహాలను అనుసరించి ప్రజలకు అభ్యంతర కారణమైన లేవీయుల, అంటే మందిర సేవ చేసే గోత్రంవారి సంగతి ఉంది. దేవుడు వారిని మందిరం నుండి వెళ్లగొట్టలేదు. వారు గుమ్మాల దగ్గర కావలి కాయవచ్చు, ప్రజల కోసం బలిపశువులను వధించవచ్చు, మందిర సేవ చేయవచ్చు. కానీ యాజకత్వం జరిగించడానికి ఆయన సన్నిధికి సమీపించకూడదు. రాజుల రెండవ గ్రంథం 23వ అధ్యాయంలో ఉన్నత స్థలముల (మందిరం వెలుపలి పూజా స్థలాల) యాజకుల విషయంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. వారు బలిపీఠం దగ్గరికి రాలేదు గానీ తమ సహోదరులతో కలిసి పులియని రొట్టె తిన్నారు. బల్ల దగ్గర చోటు ఉంది, బలిపీఠం దగ్గర లేదు. సంఘంలో ఇలాంటి చోటు ఒకటి ఉండవచ్చునని మాకు ఆనాడు తోచనే లేదు.

మీతో వాదించేవారు పేతురును, దావీదును తప్పకుండా ముందుకు తెస్తారు. యేసు శిష్యుడైన పేతురు ప్రాణభయంతో తన ప్రభువును ఎరుగనన్నాడు. తనకు అప్పగించిన గొర్రెలను వాడుకోలేదు. పైగా అతనికి "నా గొర్రెలను మేపుము" అని చెప్పినది ఆ బొంకు వలన నొచ్చుకున్న ప్రభువే. నష్టపోయినవారి తరఫున వేరెవరో కూర్చొని తీర్మానం చేయలేదు. దావీదు విషయానికి వస్తే, అతడు రాజు, సంఘ కాపరి కాదు. నాతాను ప్రవక్త అతని పాపం పరిహరించబడిందని చెప్పిన నోటితోనే ఖడ్గం అతని ఇంటిని విడువదని కూడా చెప్పాడు. దావీదు ఎవరి భార్యను తీసుకొని అతనిని చంపించాడో ఆ ఊరియాను ఎవరూ అడగలేకపోయారు, ఎందుకంటే అతడు చనిపోయి ఉన్నాడు. "అభిషిక్తులను ముట్టకూడదు" అనే మాట కూడా వస్తుంది. 105వ కీర్తనలో అది పరాయి దేశంలో కొద్దిమందిగా తిరుగుతున్న అబ్రాహాము మొదలైన పితరులను రాజుల నుండి కాపాడిన సందర్భం. బలహీనులను కాపాడిన ఆ మాటను బలవంతునికి అడ్డుగా నిలబెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇది కొత్త చర్చ కూడా కాదు. మూడవ శతాబ్దంలో రోమా చక్రవర్తి దెకియస్ క్రైస్తవులపై జరిపిన హింసకు లొంగి విగ్రహారాధన చేసినట్లు పత్రాలు పుచ్చుకున్న ఇద్దరు స్పెయిన్ బిషప్పులు తమ స్థానాలను తిరిగి కోరినప్పుడు, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు బిషప్పు సిప్రియన్, ఆయన సహ బిషప్పులు అక్కడి సంఘాలకు లేఖ రాశారు. ఆ లేఖ ప్రకారం అలాంటివారిని పశ్చాత్తాపపడేవారిగా చేర్చుకోవచ్చు గానీ బిషప్పులుగా కాదు. మన కాలంలో, 1988 ఫిబ్రవరిలో అమెరికా టెలివిజన్ సువార్తికుడు జిమ్మీ స్వాగర్ట్ కన్నీళ్లతో పాపం ఒప్పుకున్నారు. ఒక సంవత్సరం ప్రసంగించవద్దని ఆయన చెందిన సంఘ శాఖ అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ విధించిన షరతును ఆయన ఒప్పుకోకపోవడంతో ఆ సంస్థ ఆయనను తొలగించింది. మే నెలకల్లా ఆయన తన వేదికపైకి తిరిగి వచ్చారు, 1991లో మళ్లీ అలాంటి ఉదంతంలోనే దొరికారు. కన్నీళ్లు అబద్ధమని కాదు, అవి వ్యవధికి బదులు కాలేవని దీనిని చెబుతున్నాను.

ఇక మేము ఎందుకు తొందరపడ్డామో నిజం చెప్పాలి. అది కృప గురించిన అవగాహన వలన కాదు. ఆరాధనకు వచ్చేవారు తగ్గారు, కానుకలు తగ్గాయి, ఆయనలా ప్రసంగించేవారు మాలో లేరు. అన్నిటికంటె ముఖ్యంగా, పరిచర్య తప్ప వేరే ఆధారం లేని ఆ కుటుంబం ఎలా బతుకుతుందన్న దిగులు మమ్మల్ని వేధించింది. ఆ దిగులు న్యాయమైనదే. కానీ దానికి జవాబు వేదిక కాదు. ఏడాదో రెండేళ్లో ఆ కుటుంబాన్ని సంఘం పోషించి, ఆయన వేరే పని వెతుక్కోవడానికి సహాయం చేసి ఉండవలసింది. ఆయన భార్యాపిల్లలు ఏ పాపం చేయలేదు. వారి మీద దయను చూపడానికి ఆ సోదరిని ఖర్చు చేయనవసరం లేదు.

పడినవారెవరూ ఎన్నటికీ పరిచర్యకు రాకూడదని నేను అనడం లేదు. కోపం, అలసట, అప్పుల నిర్వహణలో అజాగ్రత్త వంటి వాటిలో పడినవారు కొన్నేళ్ల తరువాత, పరీక్షించబడి, చిన్న బాధ్యతలతో తిరిగి రావచ్చు. డబ్బు తీసుకున్నవారి విషయంలో సువార్తలోని సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న తీరును ముందు అడగాలి, ఆ తరువాత కూడా సంఘపు డబ్బు లెక్కలు వారి చేతిలో పెట్టకూడదు. కానీ కాపరి స్థానాన్నే ఆయుధం చేసుకొని, సహాయం కోరి వచ్చినవారిని వాడుకున్నవారిని తిరిగి ఆ స్థానంలో కూర్చోబెట్టకూడదనేది నా దృఢమైన అభిప్రాయం. చేసిన పని చట్టం దృష్టిలో నేరమైతే, ముఖ్యంగా పిల్లల విషయమైతే, సంఘ కమిటీ విచారణతో సరిపెట్టకుండా పోలీసులకు తెలియజేయాలి. అమెరికా కథోలిక బిషప్పులు 2002లో డల్లస్‌లో చేసిన నిబంధనల్లో, మైనరుపై లైంగిక దురాచారం ఒక్కసారి రుజువైనా ఆ గురువును (కథోలిక యాజకుణ్ణి) పరిచర్య నుండి శాశ్వతంగా తొలగించాలని పెట్టారు. పాపసంకీర్తనంలో, అంటే గురువు ఎదుట పాపం ఒప్పుకోవడంలో, క్షమాపణ ఉందని బోధించే సంఘమే ఆ నియమం పెట్టుకుంది.

మా సంగతి ముగియడానికి మరో పద్నాలుగు నెలలు పట్టింది. ఆయన ఒంటరిగా ఎవరికీ కౌన్సెలింగ్ చేయకూడదని మేము పెట్టిన షరతును నాలుగు నెలలకే అందరం మరచిపోయామని తెలిసినప్పుడు, నేను కమిటీలో నా తప్పును రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. పెద్దలందరం ఆ సోదరికి క్షమాపణ లేఖ ఇచ్చాము. ఆయన పదవి విడిచి ఇప్పుడు వేరే ఉద్యోగం చేసుకుంటూ, తన సంగతి తెలిసిన పెద్దలున్న ఒక సంఘంలో సామాన్య విశ్వాసిగా ఉన్నారు. వారానికి ఒకసారి మేము ఫోనులో కలిసి ప్రార్థన చేసుకుంటాము. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో చెప్పిన, పడినవానిని సాత్వికంగా మంచి దారికి తేవడం అంటే ఏమిటో ఆయన వేదిక దిగిన తరువాతే మా ఇద్దరికీ అర్థమైంది. ఆ సోదరి మా సంఘానికి తిరిగి రాలేదు. రమ్మని మేము అడగలేదు.

మీ సంఘ సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు, తీర్మానానికి ముందు రెండు సంగతులు అడగండి. ఆయన తనంతట తాను ఒప్పుకున్నారా, బయటపడిన తరువాత ఒప్పుకున్నారా? ఇక ఎన్నటికీ వేదిక దొరకదని చెప్పినా ఆయన ఈ సంఘంలోనో మరొక సంఘంలోనో ఆరాధనకు వస్తూ ఉంటారా? గాయపడినవారితో మాట్లాడవలసి వస్తే మాత్రం మాలాగా ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి వెళ్లకండి. ఆమె నమ్మే ఒక సోదరిని పంపండి. క్షమించావా అని కాదు, నీకు ఏమి కావాలి అని అడగమనండి.