వెన్నునీరు తీస్తే కాళ్లు పడిపోతాయా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఏడాదిగా పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తూ నడుస్తున్నారు. బాత్‌రూమ్‌కు వెళ్లేలోపే మూత్రం పడిపోతోంది. మతిమరుపూ మొదలైంది. స్కాన్ తీసి మెదడులో నీరు చేరిందన్నారు. నడుములో సూది గుచ్చి నీరు తీసి చూడాలంటున్నారు. గుండెకు స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతున్నారు. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారు. ఒప్పుకోవచ్చా? - ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా. అయితే అంతకుముందే డాక్టరుతో రెండు విషయాలు తేల్చుకోండి.

ముందు మీ బంధువుల భయం సంగతి. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద, మూడు నాలుగు పూసల మధ్యనో, నాలుగు అయిదు పూసల మధ్యనో. అక్కడ నీటిలో తేలే నరాల పోగులే ఉంటాయి. సూది తగిలితే చాలావరకు పక్కకు జరుగుతాయి, కాలిలో ఒక్క క్షణం జివ్వుమంటుంది. నీరు తగ్గిపోతుందన్న దిగులూ వద్దు. ఈ పరీక్షలో తీసేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. శరీరం రోజుకు అర లీటరు దాకా తయారు చేసుకుంటుంది కాబట్టి రెండు మూడు గంటల్లో ఆ లోటు తీరిపోతుంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మెదడులోని నీరు కిందికి దిగే దారిలో గడ్డ వల్లనో, సన్నని కాలువ మూసుకుపోయో అడ్డు ఏర్పడి ఉంటే నడుము దగ్గర నీరు తీయకూడదు. కింద ఒత్తిడి తగ్గి పైన అలాగే ఉండిపోతే మెదడు కిందికి జారి, ఊపిరిని నడిపించే భాగం నలిగిపోతుంది. ప్రాణమే పోవచ్చు. అందుకే ‘దారి తెరిచే ఉందా?’ అని స్కాన్ చూపించి సూటిగా అడగండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ దారి తెరిచి ఉన్న రకంలోనే ఎక్కువగా కలిసి కనిపిస్తాయి, అయినా స్కాన్ చూడకుండా సూది పట్టకూడదు.

రెండోది క్లోపిడోగ్రెల్. అది వాడుతుండగా గుచ్చితే రక్తం త్వరగా ఆగక వెన్ను లోపల పేరుకుని నరాలను నొక్కవచ్చు. అరుదే గానీ, కాళ్లు నిజంగా బలహీనపడేది ఇలాంటప్పుడే. మామూలుగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, స్టెంట్ మూసుకుపోవచ్చు. గుండె డాక్టరూ నరాల డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి.

పరీక్ష తర్వాత కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. విశ్రాంతి, నీళ్లు, పారాసెటమాల్, కాఫీతో చాలామందికి కొద్ది రోజుల్లో పోతుంది. జ్వరం, మెడ బిగుసుకుపోవడం, వాంతులు, మగత, కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం బిగిసిపోవడం, సూది గుచ్చిన చోట నీరు కారడం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఒక పని తప్పక చేయండి. సూదికి ముందు, తర్వాత నాన్నగారు నడుస్తుంటే ఫోనులో వీడియో తీయండి. ముఖ్యంగా వెనక్కి తిరిగేటప్పుడు. తిరగడానికి ఏడెనిమిది చిన్న అడుగులు వేసే మనిషి మూడు నాలుగు అడుగుల్లో తిరిగితే షంట్ ఆపరేషన్ (మెదడులోని అదనపు నీటిని లోపల అమర్చిన గొట్టంతో పొట్టలాంటి చోటికి మళ్లించేది) పనిచేస్తుందన్న ఆశ బలపడుతుంది. జ్ఞాపకశక్తిలో అంత మార్పు వెంటనే కనిపించదు. నడక మారకపోయినా ఆశ వదలకండి. నడుములో సన్నని గొట్టం పెట్టి రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా నీరు తీసి చూసే పద్ధతి ఉంది, దాని గురించి అడగండి.