విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుందా, యాంటీవైరస్ విడిగా కొనాలా?

ఇంట్లో పిల్లలు కూడా వాడే కంప్యూటర్‌కి డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా అని అడిగారు. అక్కర్లేదండీ. విండోస్ 10, 11లలో ముందే ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్ ఇంటి వాడకానికి చాలు. మా బంధువుల కంప్యూటర్లు చాలావరకు నేనే చూస్తుంటాను, వాటిలో దేనికీ విడిగా ఏమీ కొననివ్వలేదు. రెండు యాంటీవైరస్‌లు వేస్తే రక్షణ రెట్టింపు అనుకునేవాళ్లు ఉంటారు. అవి ఒకదానికొకటి అడ్డం పడి, సిస్టమ్ నత్తనడక నడుస్తుంది, అంతే.

నిజానికి "వైరస్ వచ్చింది, కొంచెం చూడు" అని నాకు వచ్చే ఫోన్లలో చాలాసార్లు వైరస్సే ఉండదు. స్క్రీన్ కింద కుడి మూలన ఎర్రటి డబ్బా పదే పదే వస్తుంటుంది: మీ కంప్యూటర్‌కి ప్రమాదం, వెంటనే క్లిక్ చేయండి అని. అది బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో ఏదో సైట్‌లో 'అలౌ' నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ తీసేస్తే టెన్షన్ వదులుతుంది. ఆ హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉంటే మాత్రం అది కచ్చితంగా మోసమే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు.

నిజంగా వైరస్ ఎక్కిన కేసుల్లో ఎక్కువగా కనిపించేది క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడేలా లాక్ విరగ్గొట్టినది), ఉచితంగా దొరికిన గేమ్. వాటితో పాటు వచ్చే టెక్స్ట్ ఫైల్ తెరిస్తే మొదటి సూచనే "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఉంటుంది! ఇంటి తలుపు మనమే తీసిచ్చాక ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా ఏం చేస్తుంది? అందుకే పిల్లలకి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఇవ్వకండి, స్టాండర్డ్ అకౌంట్ చేసి ఇవ్వండి. డిఫెండర్ ఆపాలన్నా, సిస్టమ్‌లో మార్పులు చేయాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నా దృష్టిలో డబ్బు పెట్టి కొనే ఏ ప్యాకేజీ కన్నా ఇది మేలు.

ఇంకో చిన్న పని. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ (ఫైల్ ఏ రకమో చెప్పే, పేరు చివరి అక్షరాలు) ఆన్ చేయండి. మామూలుగా విండోస్ వాటిని దాచేస్తుంది కాబట్టి 'బిల్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అనే ఫైల్ నిజానికి ప్రోగ్రామ్ అయినా మనకి 'బిల్.పీడీఎఫ్' లాగే కనిపిస్తుంది.

అప్‌డేట్స్ వాయిదా వేయకండి. 2017 మేలో ప్రపంచమంతా గగ్గోలు పెట్టించిన వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. మీది విండోస్ 10 అయితే దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కుదిరితే 11కి మారండి, లేదంటే సపోర్ట్ అయిపోయాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ పథకంలోనైనా చేరండి.

ఫొటోలు, కాగితాలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ చేసి, కేబుల్ పీకేసి పక్కన పెట్టండి. ర్యాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా వదలదు.

ఇంకా అనుమానం ఉంటే విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్టయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. ఏదైనా దొరికితే మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చేయండి, అయితే ఆ కంప్యూటర్‌లో కాదు, మీ ఫోన్‌లో.