ఏడాది మాత్రలు ఒకేసారి కొనేయాలా?

ప్రశ్న: మావారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని చెప్పి మూడు నెలలకోసారి ఇంజెక్షన్, రోజూ అబిరాటెరోన్ మాత్రలు, వాటితోపాటు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రాశారు. మాత్రలు మొదలుపెట్టి నెల కాలేదు. వాటి ఖర్చే ఆయన పెన్షన్‌లో దాదాపు సగం. ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకుంటే 15 శాతం తగ్గిస్తామని మందుల షాపువాళ్లు అంటున్నారు. ఆయన పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు ఇంకా రెండేళ్లుంది. దాన్ని తీసేసి మందులు కొనేయమంటారా?

జవాబు: కొనొద్దండీ. డిపాజిట్ మొత్తం తీయనూ వద్దు.

ముందు ఆ తగ్గింపు సంగతి చూద్దాం. 12 నెలల మాత్రల మీద 15 శాతం అంటే 1.8 నెలల మాత్రలు. చివరి రెండు నెలలవి వాడకుండా మిగిలిపోతే చాలు, మీకొచ్చిన లాభం హుష్‌కాకి. అలా మిగిలే అవకాశం ఈ మందు విషయంలో తక్కువేం కాదు. మామూలు మోతాదు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, అంటే 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. నెలకు 120, ఏడాదికి 1,440. ఈ మందు కాలేయం మీద ప్రభావం చూపొచ్చు కాబట్టే మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి రక్తపరీక్ష చేయిస్తారు. రక్తంలో కాలేయ ఎంజైములు బాగా పెరిగితే మందు ఆపేస్తారు. తగ్గాక మళ్లీ మొదలుపెట్టినా 750తోనో 500తోనో మొదలుపెడతారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఎలా ఉందో చూపే రక్తపరీక్ష అంకె) పెరుగుతూ పోతే మందే మార్చేయొచ్చు. మూడో నెలాఖరులో అలా జరిగితే మీ బీరువాలో 1,080 మాత్రలు మిగులుతాయి. అమ్మినప్పుడు నవ్వుతూ అమ్మిన షాపు తిరిగి తీసుకోమంటే మొహం చాటేస్తుంది. మా బంధువుల్లో ఒకాయన ఆరు నెలలవి కొని రెండో నెలలోనే ఇరుక్కుపోయారు. ఆ డబ్బాలు చాలాకాలం ఇంట్లోనే పడున్నాయి.

ఇంకో సంగతి. అబిరాటెరోన్ 2011లో వచ్చిన మందు. ఇప్పుడు చాలా కంపెనీలు జనరిక్‌గా తయారుచేస్తున్నాయి. పోటీ ఉన్న సరుకుకు ఏడాది ధర ఈరోజే కట్టేయడం ఎందుకు? రెండు మూడు షాపుల్లో అడగండి. బ్రాండు పేరుతో కాదు, మందు పేరుతో అడగండి. 250 మాత్రలు నాలుగూ 500 మాత్రలు రెండూ ఒకే మోతాదు కాబట్టి డబ్బా ధర కాకుండా రోజుకయ్యే ఖర్చు పోల్చండి. కొన్ని కంపెనీలు రోగులకు సాయపడే పథకాలు నడుపుతాయి, ఆసుపత్రి ఫార్మసీలో వాటి గురించి వాకబు చేయండి. ఆరోగ్య బీమా ఉంటే ఆసుపత్రిలో చేరకుండా ఇంట్లో వేసుకునే క్యాన్సర్ మాత్రలకు డబ్బిస్తారో లేదో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది క్లెయిమ్ నాటికి నిలబడదు.

ఇక అసలు ప్రశ్న: ఈ ఖర్చు ఎన్నాళ్లు? ప్రోస్టేట్ దాటి పాకని, కానీ ముప్పు ఎక్కువున్న క్యాన్సర్‌లో రేడియేషన్‌తోపాటు ఈ మాత్రలు రాస్తే సాధారణంగా రెండేళ్లే. అలాంటివారికి నేను డిపాజిట్ తీయమనే చెప్పేవాణ్ణేమో. మీవారిది ఎముకలకు పాకింది. మందు పనిచేస్తున్నన్నాళ్లూ వేసుకోవాల్సిందే, మాత్ర మారినా ఇంజెక్షన్ సాగుతూనే ఉంటుంది. గడువు తెలియని ఖర్చును పెద్ద కొనుగోలులా చూడకూడదు, ఇంటి అద్దెలా చూడాలి. ప్రతి నెలా ఎక్కడినుంచి వస్తుందన్నదే లెక్క.

బ్యాంకుకు వెళ్లి డిపాజిట్‌లో కొంత భాగమే తీయడం కుదురుతుందా, ముందే తీస్తే వడ్డీలో ఎంత కోస్తారు అని అడగండి. కుదిరితే మూడు నెలల మందులు, పరీక్షల డబ్బు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, ఇంకొంత భాగాన్ని 3, 6, 9 నెలల చిన్న డిపాజిట్లుగా వేయండి. ఒకటి చేతికి అందేసరికి ఆ త్రైమాసికం ఇంజెక్షన్ కూడా వస్తుంది. మిగతాది కదపొద్దు. డిపాజిట్ మీద అప్పిస్తామంటారు. నెలో రెండు నెలలో సర్దుకోవడానికైతే సరే, ఎన్నాళ్లో తెలియని ఖర్చుకు అప్పు తీసుకుంటే వడ్డీ మీద వడ్డీ మోయాలి. ఈ చికిత్సలో నీరసం సహజం కాబట్టి ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఇప్పుడే మార్పించుకోండి.

డబ్బుకు కటకటగా ఉన్న నెలలో రోజు విడిచి రోజు వేసుకుందాం అనుకోవద్దు. ఇంజెక్షన్ ఉందిగా, మాత్ర మానేద్దాం అనుకోవడమూ తప్పే. ఈ క్యాన్సర్‌ను పెంచేది టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోన్. వృషణాల్లో తయారయ్యేదాన్ని ఇంజెక్షన్ ఆపుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు, క్యాన్సర్ కణాలు సొంతంగా తయారుచేసుకునేదాన్ని మాత్ర ఆపుతుంది. ఒకదాని పని ఇంకోటి చేయదు. అబిరాటెరోన్ పక్కన చిల్లర ఖర్చులా కనిపించే ప్రెడ్నిసోలోన్ మరిచిపోతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు కూడా.

డాక్టర్‌ను అడగాల్సిన ఒక్క మాట మాత్రం ఉంది. ఈ మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోమనే కారణం, తిండితో కలిస్తే ఒంటికి పట్టే మందు చాలా రెట్లు పెరగడం. దాన్నే ఆసరాగా చేసుకుని, 1,000కి బదులు 250 మిల్లీగ్రాములను కొవ్వు తక్కువున్న అల్పాహారంతో ఇచ్చి చూసిన పరిశోధన 2018లో వచ్చింది. 72 మందితో చేసిన చిన్న పరిశోధన అది. పీఎస్ఏ తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. కొందరు వైద్యులు ఖర్చు భరించలేనివారికి ఈ పద్ధతి రాస్తారు. మీవారికి పనికొస్తుందో లేదో ఆయన్ని చూస్తున్న డాక్టరే తేల్చాలి. చదివాం కదా అని ఇంట్లో ప్రయత్నిస్తే మోతాదు తక్కువో ఎక్కువో అయిపోతుంది. "ఖర్చు మాకు భారంగా ఉంది, ఇది వీలవుతుందా" అని నోరు తెరిచి అడగండి. మొహమాటపడితే నాలుగు రెట్ల మాత్రలు మీరే కొంటారు.

ఈ నెలకు ఒక్క 120 మాత్రలే తీసుకోండి. వచ్చే రక్తపరీక్ష ఫలితం, బ్యాంకువాళ్లు చెప్పిన కోత అంకె చేతికొచ్చాక మళ్లీ రాయండి, ఆ చిన్న డిపాజిట్లు ఎంతెంత వేయాలో అప్పుడు లెక్క కడదాం.