ఓఎస్‌పీఎఫ్ ఏరియాలా, బీజీపీయా? ముందు ఐపీ ప్లాన్ చూడండి

మా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) నెట్‌వర్క్‌లో 140 రౌటర్లు అన్నీ ఏరియా 0లోనే (మధ్యనుండే ప్రధాన భాగం) ఉన్నాయి, చిన్న ఏరియాలుగా విడగొట్టాలా, బీజీపీకి (నెట్‌వర్క్‌ల మధ్య ఎక్కువగా వాడే మరో రూటింగ్ ప్రోటోకాల్) మారాలా అని అడిగారు. నేనైతే ముందు మీ ఐపీ ప్లాన్, అంటే ఏ అడ్రస్‌లు ఎక్కడ పంచారో చూపించమంటాను.

సంఖ్య చూసి కంగారు పడకండి. ఇప్పటి రౌటర్లకు ఆ మాత్రం ఎస్‌పీఎఫ్ (అతి దగ్గర దారి కట్టే) లెక్క బరువేమీ కాదు. ఎక్కడో మూలనున్న బ్రాంచి లింకు పడి లేస్తుంటే ఏరియాలోని ప్రతి రౌటరూ మళ్లీ లెక్క కట్టుకోవాలి, చికాకంతా అక్కడే. మా కోర్ రౌటర్‌లో ‘షో ఐపీ ఓఎస్‌పీఎఫ్’ కొడితే ఎస్‌పీఎఫ్ నడిచిన లెక్క చూస్తుండగానే పెరిగిపోయేది. చివరికి తేలిందేమిటంటే, ఒక బ్రాంచిలో కేబుల్ వదులుగా ఉంది!

ఏరియాలు చేశాం. ఎస్‌పీఎఫ్ తగ్గింది, రూటింగ్ టేబుల్ మాత్రం అలాగే ఉంది. లింకు పడినప్పుడల్లా ఆ సబ్‌నెట్ టైప్ 3 ఎల్‌ఎస్‌ఏ (వేరే ఏరియాలకు వెళ్లే దారి ప్రకటన) పోవడం, మళ్లీ రావడం. సమ్మరీ చేద్దామంటే, అంటే చాలా సబ్‌నెట్లను ఒకే ప్రకటనగా కలుపుదామంటే, సబ్‌నెట్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పంచేశారు. ఒక్కో ఏరియాకు ఒక్కో /16 (ఒకే పెద్ద అడ్రస్ బ్లాక్) వచ్చేలా అడ్రస్‌లు మార్చడానికే ఎక్కువ కాలం పట్టింది. అది అయ్యాకే కోర్ నెమ్మదించింది.

సమ్మరీలో ఒక గొయ్యి ఉంది, మేం పడ్డాం. ఏరియా 20కి రెండు ఏబీఆర్‌లు (ఏరియాను ఏరియా 0తో కలిపే రౌటర్లు), రెండూ 10.20.0.0/16 ప్రకటిస్తున్నాయి. ఒకరోజు మొదటి ఏబీఆర్ నుంచి ఒక సైటుకు వెళ్లే లింకు తెగింది. 10.20.7.0/24కి దారి పోయినా, మిగతా సబ్‌నెట్లు బాగానే ఉన్నాయి కాబట్టి సమ్మరీ ప్రకటన ఆగలేదు. ట్రాఫిక్ వస్తూనే ఉంది, అదేమో నల్ జీరోలో (ప్యాకెట్లను పారేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) పడి మాయమవుతోంది. రెండో ఏబీఆర్ నుంచి దారి ఉన్నా లాభం లేదు. ఏబీఆర్‌ల మధ్య ఏరియా 20లోనే ఒక లింకు వేసి సరిచేశాం. ముందే టెస్ట్ చేశాం కదా అంటారేమో. ఏబీఆర్‌ను మొత్తంగా ఆపి చూశాం గానీ ఒక్క లింకు పీకి చూడలేదు.

బయటికి ఒకే దిక్కున్న బ్రాంచిలను టోటల్లీ స్టబ్ (బయటి దారుల వివరాలు లోపలికి రాని ఏరియా) చేసేయండి, డిఫాల్ట్ రూట్ చాలు. సిస్కో ఐఓఎస్ రౌటర్లయితే రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ (లింకు కాస్ట్ లెక్కకు వాడే అంకె) అన్ని రౌటర్లలోనూ ఒకేలా పెంచండి, లేకపోతే 1 జీకీ 10 జీకీ కాస్ట్ 1 అనే చూపిస్తుంది.

బీజీపీ మంచిదే, కానీ ఇది దానికి తగిన జబ్బు కాదు. 140 రౌటర్ల ఐబీజీపీ (నెట్‌వర్క్ లోపల నడిపే బీజీపీ) ఫుల్ మెష్, అంటే ప్రతి రౌటరూ మిగతా అన్నిటితో కలవడం, 9,730 సెషన్లు, రూట్ రిఫ్లెక్టర్లు (దారులను మిగతావాటికి అందించే మధ్యవర్తి రౌటర్లు) పెట్టక తప్పదు. వేర్వేరు టీమ్‌ల నెట్‌వర్క్‌లు కలిసేచోట, పాలసీ అవసరమైనచోట వాడండి. అక్కడ రెండు చోట్ల రీడిస్ట్రిబ్యూషన్ (ఒక ప్రోటోకాల్ దారులను మరోదాంట్లోకి పంపడం) చేస్తే మాత్రం రూట్ ట్యాగ్‌లు (దారి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే గుర్తులు) పెట్టకుండా మొదలుపెట్టకండి.